బీఎంఐ లెక్క: కొలవడం నుంచి అర్థం చేసుకోవడం దాకా

ఒక వైద్య శిబిరంలో నా చేతికి చిన్న చీటీ ఇచ్చారు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 69.5 కిలోలు, బీఎంఐ (బాడీ మాస్ ఇండెక్స్, ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె) 25.5. కింద ఎర్ర సిరాతో 'అధిక బరువు' అన్న ముద్ర. తూకం ఎక్కేటప్పుడు నా కాళ్లకు బూట్లున్నాయి. జేబుల్లో ఫోను, తాళాల గుత్తి. అరగంట ముందే కడుపు నిండా భోజనం చేశాను. మర్నాడు పొద్దున్నే పరగడుపున ఇంట్లో తూచుకుంటే 67.8 కిలోలు వచ్చింది. బీఎంఐ 24.9, అంటే 'సాధారణం'. రాత్రికి రాత్రి నా గుండెలోగానీ కాలేయంలోగానీ మారిందేమీ లేదు. మారింది చీటీ మీద రాసే మాట ఒక్కటే.

అలాగని బీఎంఐని బూటకమని కొట్టిపారేయడం సరికాదు. నాకు తెలిసినవాళ్లలో ఈ అంకెను చూసి హడలిపోయినవాళ్లూ ఉన్నారు, 'అదంతా ఒట్టిదే' అని నవ్వేసి రక్తపోటును పట్టించుకోక ఇబ్బంది పడ్డవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చేసిన పొరపాటు ఒకటే. ఈ అంకె ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో వాళ్లు ఆలోచించలేదు. అందుకే కొలతతో మొదలుపెట్టి, లెక్క, పట్టిక, వాటి వెనకున్న కథ, ఆ తర్వాత చేయవలసిన పనులు వరుసగా చూద్దాం. బరువు తూచే యంత్రం, టేపు, కాగితం దగ్గర పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

మొదటి అడుగు: ఎత్తును సరిగ్గా కొలవండి

చాలామంది ఎత్తును కొలవరు, గుర్తు తెచ్చుకుంటారు. ఎప్పుడో కళాశాలలో రాసిన అంకెనే జీవితాంతం చెబుతుంటారు. పైగా ఆ జ్ఞాపకంలో ఒకటి రెండు సెంటీమీటర్లు కలుస్తాయి, తగ్గడం మాత్రం అరుదు. బీఎంఐ లెక్కలో ఎత్తు రెండుసార్లు వస్తుంది కాబట్టి ఇక్కడ చేసిన తప్పు రెట్టింపు అవుతుంది. నా 67.8 కిలోలనే తీసుకోండి. ఎత్తు 163 అనుకుంటే బీఎంఐ 25.5, 167 అనుకుంటే 24.3. మనిషి మారలేదు, బరువు మారలేదు, ముద్ర మాత్రం మారిపోయింది.

చెప్పులు తీసి, గోడకు ఆనుకుని నిలబడండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు తగలాలి. చూపు నేరుగా ఎదుటికి ఉండాలి, గడ్డం పైకెత్తకూడదు. ఇంకొకరు గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని ఒక అంచు గోడకు ఆనేలా తల మీద అడ్డంగా పెట్టి, దాని అడుగు అంచు దగ్గర పెన్సిలుతో గీత గీయాలి. జుట్టు ముడి ఉంటే విప్పాలి. నేల నుంచి గీత దాకా లోహపు టేపుతో కొలవండి, బట్టలు కుట్టే టేపు సాగుతుంది. ఇలా మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు రోజంతా బరువు మోసి నొక్కుకుపోతాయి కాబట్టి సాయంత్రానికి మనిషి దాదాపు ఒక సెంటీమీటరు పొట్టి అవుతాడు. అందుకని పొద్దున కొలవడమే నయం.

అడుగులూ అంగుళాల్లో ఎత్తు చెప్పుకునేవాళ్లు ఒక ఉచ్చులో పడుతుంటారు. 5 అడుగుల 5 అంగుళాలు అంటే 5.5 అడుగులు కాదు. మొదటిది 65 అంగుళాలు, అంటే 165.1 సెంటీమీటర్లు. రెండోది 66 అంగుళాలు, అంటే 167.6. ఫోనులో లెక్క వేసేటప్పుడు చుక్క పెట్టి కొట్టారంటే బీఎంఐ ముక్కాలు పాయింటు తగ్గిపోతుంది. ముందు అంతా అంగుళాల్లోకి మార్చి, 2.54తో గుణించండి.

రెండో అడుగు: తూకం

దీనికి పెద్ద ఉపదేశం అక్కర్లేదు. యంత్రాన్ని తివాచీ మీద కాకుండా గట్టి నేల మీద పెట్టండి. పొద్దున్నే, మలమూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, పలుచని బట్టలతో తూచుకోండి. ఒకే రోజులో బరువు ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ కావడం మామూలే. అది నీరు, ఉప్పు, పేగుల్లో ఉన్న ఆహారం, కొవ్వు కాదు. అందుకే ఒక్క తూకం కంటే వారం రోజుల సగటు నమ్మదగింది. యంత్రం ఏదైనా ఫరవాలేదు, ప్రతిసారీ అదే యంత్రం కావాలి.

మూడో అడుగు: లెక్క

సూత్రం చిన్నది. కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించాలి. వర్గం అంటే బెదిరిపోయేవాళ్లు బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించుకుంటే చాలు. 67.8ని 1.65తో భాగిస్తే 41.09, దాన్ని మళ్లీ 1.65తో భాగిస్తే 24.9. అంతే.

ఇదే సూత్రాన్ని తిరగేస్తే ఎక్కువ పనికొస్తుంది. ఎత్తు వర్గాన్ని ఒకసారి కనుక్కుని పెట్టుకోండి. 1.65 మీటర్లకు అది 2.72. అంటే నా విషయంలో బీఎంఐలో ఒక పాయింటు 2.7 కిలోలకు సమానం. 150 సెంటీమీటర్ల మనిషికి అదే ఒక పాయింటు 2.25 కిలోలు, 180 సెంటీమీటర్ల మనిషికి 3.24 కిలోలు. పెద్దయ్యాక ముసలితనం దాకా ఎత్తు దాదాపు మారదు కాబట్టి ఆ తర్వాత బీఎంఐ పెరిగినా తగ్గినా అది బరువు చేసే పనే. రోజూ బీఎంఐ లెక్కవేసుకునే వాళ్లను చూస్తే నాకు కొంచెం వింతగా ఉంటుంది. ఒకసారి లెక్కవేశాక కిలోలు గమనించుకుంటే సరిపోతుంది.

వర్గమే ఎందుకు? మనిషి ఎత్తు పెరిగేకొద్దీ వెడల్పు, మందం కూడా అదే పాళ్లలో పెరిగితే బరువు ఎత్తు ఘనంతో పెరగాలి. కానీ పొడుగువాళ్లు పొట్టివాళ్లకు పెంచి గీసిన నకళ్లు కారు, పాళ్లలో సన్నగా ఉంటారు. బెల్జియానికి చెందిన ఖగోళ శాస్త్రవేత్త, గణాంకవేత్త అడాల్ఫ్ కెట్‌లే 1832 ప్రాంతంలో ఈ విషయం గమనించాడు. పెద్దవాళ్లలో బరువు దాదాపు ఎత్తు వర్గంతో పాటు మారుతోందని తేల్చాడు. ఆయన వెతుకుతున్నది 'సగటు మనిషి'ని. జనాభా మొత్తంలో కొలతలు ఎలా పరచుకుని ఉన్నాయో చూడాలన్నది ఆయన ఆసక్తి. ఊబకాయం, గుండెజబ్బు ఆయన మనసులో లేవు.

నూట నలభై ఏళ్లు గడిచాక, 1972లో, అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు ఐదు దేశాలకు చెందిన ఏడు వేల పైచిలుకు పురుషుల కొలతలు ముందు పెట్టుకుని, ఎత్తు–బరువు సూత్రాల్లో ఏది కొవ్వును బాగా పట్టిస్తుందో పోల్చి చూశారు. కెట్‌లే సూత్రం మిగతావాటికి తీసిపోదని తేలింది. దానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అన్న పేరు పెట్టింది వాళ్లే. వాళ్ల నమూనాలో మహిళలు లేరు. జనసమూహాల అధ్యయనానికి పనికొచ్చే చవకైన పనిముట్టు అన్నది వాళ్ల ఉద్దేశం. అది ఆసుపత్రి చీటీల్లోకి, బీమా దరఖాస్తుల్లోకి, ఫోను యాప్‌లలోకి ఎక్కడం తర్వాతి కథ.

వర్గం కూడా కచ్చితమైన బేరం కాదు. ఆక్స్‌ఫర్డ్ గణిత శాస్త్రవేత్త నిక్ ట్రెఫెథెన్ 2013లో, ఎత్తును రెండు బదులు రెండున్నర ఘాతానికి పెంచి ఫలితాన్ని 1.3తో గుణించాలని సూచించాడు. ఇప్పటి సూత్రం పొడుగువాళ్లను ఉన్నదాని కంటే లావుగా, పొట్టివాళ్లను ఉన్నదాని కంటే సన్నగా చూపుతోందన్నది ఆయన వాదన. ఆ సవరణ వాడుకలోకి రాలేదు గానీ, మీరు బాగా పొడుగో బాగా పొట్టో అయితే ఆ మాట గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: పట్టికలో మీ చోటు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు ఇచ్చిన విభజన ఇది: 18.5 కంటే తక్కువైతే తక్కువ బరువు, 18.5 నుంచి 24.9 దాకా సాధారణం, 25 నుంచి 29.9 దాకా అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. ఊబకాయంలో మళ్లీ 35 దగ్గర, 40 దగ్గర రెండు గీతలున్నాయి.

ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు, కమిటీలు గీసినవి. 1998 దాకా అమెరికాలో అధిక బరువు గీత పురుషులకు 27.8 దగ్గర, మహిళలకు 27.3 దగ్గర ఉండేది. ఆ ఏడాది దాన్ని 25కు దించారు. ఒక్క గ్రాము బరువు పెరగకుండానే కోట్లాది మంది ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారిపోయారు.

దక్షిణాసియా, తూర్పు ఆసియా మూలాలున్నవారికి ఇంకో లెక్క ఉంది. అదే బీఎంఐ దగ్గర వీరి ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువగా, మధుమేహం ముప్పు ముందుగా కనిపిస్తుండటంతో, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో 23, 27.5 అనే రెండు అదనపు గుర్తులను సూచించింది. భారతీయ వైద్యులు 2009లో కుదుర్చుకున్న ఏకాభిప్రాయం ఇంకా కఠినం: 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. ఈ కొలబద్ద ప్రకారం నా 24.9 సాధారణం కానే కాదు. శిబిరం చీటీ కొలత తప్పినా హెచ్చరికలో అంత తప్పు లేదన్నమాట. ఇది తెలిసిన రోజున చీటీ మీది కోపం కాస్త తగ్గింది.

మీ ఎత్తు వర్గాన్ని 18.5తో, 23తో, 25తో గుణించి మూడు బరువులు రాసిపెట్టుకోండి. నాకవి 50.4, 62.6, 68.1 కిలోలు. గీతకు అటో ఇటో అర పాయింటు దూరంలో ఉన్నవాళ్లు తమను గీత మీద ఉన్నవాళ్లుగానే అనుకోవాలి. కొలతలో ఉండే పొరపాటే అంత ఉంటుంది.

ఐదో అడుగు: ఆ అంకె ఏం చెబుతోంది

వేలమందిని కలిపి చూసినప్పుడు బీఎంఐ బాగానే మాట్లాడుతుంది. 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన ఒక సంయుక్త విశ్లేషణ సుమారు 9 లక్షల మంది సమాచారాన్ని పరిశీలించింది. మరణాల రేటు అన్నిటికంటే తక్కువగా ఉన్నది 22.5 నుంచి 25 మధ్య. అక్కడి నుంచి ప్రతి ఐదు పాయింట్లకూ మరణాల రేటు సుమారు 30 శాతం పెరుగుతూ పోయింది. 2016లో కోటి మందికి పైగా సమాచారంతో జరిగిన ఇంకో విశ్లేషణలో, ఎన్నడూ పొగతాగని, మొదట్లో దీర్ఘకాలిక జబ్బులేమీ లేని వారిలో 20 నుంచి 25 మధ్య ముప్పు అతి తక్కువగా కనిపించింది.

పొగతాగనివారు, జబ్బు లేనివారు అన్న షరతు ఎందుకంటే, పొగతాగేవాళ్లు సన్నగా ఉంటారు, త్వరగా పోతారు. క్షయ, కేన్సర్ వంటి జబ్బులు బయటపడకముందే మనిషిని చిక్కిపోయేలా చేస్తాయి. వీళ్లను అందరితో కలిపి లెక్కిస్తే సన్నదనమే ప్రమాదకరంగా, కొద్దిపాటి లావు రక్షగా కనిపిస్తుంది. 2013లో కేథరిన్ ఫ్లెగల్ బృందం ప్రచురించిన విశ్లేషణలో 25–30 మధ్య ఉన్నవారిలో మరణాలు సాధారణ బరువు వారి కంటే 6 శాతం తక్కువని వచ్చినప్పుడు పెద్ద దుమారమే రేగింది. విమర్శకులు వేలెత్తి చూపింది ఈ కలగాపులగాన్నే. ఆ వాదన పూర్తిగా ముగిసిందని చెప్పలేను గానీ, 25కూ 27కూ మధ్య తేడాను చావుబతుకుల తేడాగా చూడనక్కర్లేదని మాత్రం ధైర్యంగా చెబుతాను. 35 దగ్గర అలాంటి సందిగ్ధమేమీ లేదు.

బరువు పెరిగితే ఒంట్లో జరిగేదేమిటి? చర్మం కింద చేరే కొవ్వు కొంతవరకు గిడ్డంగి లాంటిది. అది నిండాక, లేదా పుట్టుకతోనే అది చిన్నదైతే, మిగులు కొవ్వు చేరకూడని చోట్ల చేరుతుంది: పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాల్లో. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికే పోతుంది. కొవ్వు పట్టిన కాలేయం, కండరం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేస్తూ చేస్తూ చివరికి అలసిపోతుంది. మధుమేహం, అధిక రక్తపోటు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు పెరగడం ఒకదాని వెంట ఒకటి వచ్చేది ఈ దారిలోనే. మోకాళ్ల అరుగుదల, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం వంటివి మాత్రం ఎక్కువగా బరువు మోత, మెడ చుట్టూ కొవ్వు తెచ్చేవి.

రెండో చివర గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. 18.5 కంటే తక్కువగా ఉంటే రక్తహీనత, ఎముకల బలహీనత, తరచూ అంటువ్యాధులు, ఆడవాళ్లలో నెలసరి ఆగిపోవడం వంటివి ఎదురుకావచ్చు. చిన్నప్పటి నుంచీ సన్నగా, హుషారుగా ఉన్నవారి సంగతి వేరు. ప్రయత్నమేమీ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు బరువులో 5 శాతం తగ్గితే మాత్రం పట్టికలో ఏ గడిలో ఉన్నా వైద్యుణ్ని కలవాలి. 80 కిలోల మనిషికి అది 4 కిలోలు. అందరూ 'బాగా తగ్గావు' అని మెచ్చుకుంటుంటే లోపల జబ్బు పెరుగుతుండవచ్చు.

ఆరో అడుగు: అది చూడలేనివి

2004లో లాన్సెట్‌లో ఒక ఫొటో అచ్చయింది. ఇద్దరు శాస్త్రవేత్తలు పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఒకరు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్, ఇంకొకరు భారతీయుడు చిత్తరంజన్ యాజ్ఞిక్. ఇద్దరి బీఎంఐ కచ్చితంగా ఒకటే, 22.3. పరీక్షచేస్తే ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం యంత్రానికి ఇద్దరూ ఒకటే. బీఎంఐకి ఉన్న పరిమితిని ఇంతకంటే పొదుపుగా చెప్పిన చిత్రం నేను చూడలేదు.

కొవ్వు కంటే కండ సాంద్రమైనది, తక్కువ చోటులో ఎక్కువ బరువు తూగుతుంది. అందుకే వస్తాదులు, బరువులెత్తే క్రీడాకారులు పట్టికలో ఊబకాయులుగా తేలుతారు. ఈ ఉదాహరణ నిజమే గానీ, దీన్ని ఆసరా చేసుకునేవారిలో ఎక్కువమంది వస్తాదులు కారు. 29 బీఎంఐ ఉన్న మనిషి 'నాది కండ' అంటే నడుము కొలత అడగండి, నిజం అక్కడే తేలుతుంది.

ఇంకా ఎక్కువమందికి వర్తించేది దీనికి తిరగబడిన సంగతి: సన్నగా కనిపించే ఒంట్లో దాగిన కొవ్వు. వయసుతో ఇది పెరుగుతుంది. ముప్పై ఏళ్లప్పుడు 24, డెబ్బై ఏళ్లప్పుడూ 24 ఉన్న మనిషి తాను మారలేదని సంతోషించవచ్చు. ఈ నలభై ఏళ్లలో కండ కరిగి ఆ చోటులో కొవ్వు చేరి ఉండవచ్చు. పైగా వెన్నుపూసలు కుంగి ఎత్తు మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గితే, బరువు పెరగకుండానే బీఎంఐ పెరుగుతుంది. పెద్ద వయసులో బీఎంఐ కాస్త ఎక్కువగా ఉండటం కంటే కుర్చీలోంచి చేతి సాయం లేకుండా లేవలేకపోవడం ఎక్కువ ఆలోచించవలసిన విషయం.

కాళ్ల వాపులు, పొట్టలో నీరు ఉన్నవారికి, అవయవం కోల్పోయినవారికి మామూలు లెక్క పనిచేయదు. గర్భిణులకు గర్భం దాల్చకముందున్న బీఎంఐ చూస్తారు. ఎంత బరువు పెరగవచ్చో దాన్నిబట్టే నిర్ణయిస్తారు. అమెరికా నిపుణుల సంఘం 2009లో ఇచ్చిన సూచన ప్రకారం అది సాధారణ బరువు వారికి 11.5 నుంచి 16 కిలోలు, ఊబకాయం ఉన్నవారికి 5 నుంచి 9 కిలోలు.

పిల్లల విషయంలో తప్పు జరిగే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. పదేళ్ల పిల్లవాడి బీఎంఐ 16.5 వస్తే పెద్దవాళ్ల పట్టిక చూసి 'బక్కచిక్కిపోయాడు' అని కంగారుపడే తల్లిదండ్రులున్నారు. ఆ వయసుకు అది సరిగ్గా మధ్యస్థం. ఐదు నుంచి పంతొమ్మిదేళ్ల వారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వయసు, లింగాన్ని బట్టి వేరు పట్టికలు ఇచ్చింది. వాటిలో పదేళ్ల మగపిల్లవాడికి 18.5 దాటితేనే అధిక బరువు మొదలు, అంటే పెద్దవాళ్లకు 'తక్కువ బరువు' ముగిసే గీత దగ్గర. పిల్లలకు పెద్దల యాప్ వాడొద్దు. వాళ్ల ఎదుగుదల గీత పైకో కిందికో ఒక్కసారిగా వంగితే పిల్లల వైద్యుడికి చూపించండి.

ఏడో అడుగు: నడుము టేపు తీయండి

నన్నడిగితే ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలనన్నవారు ఇదే చేయాలి. నడుము చుట్టుకొలతను ప్యాంటు సైజుతో అంచనా వేయకండి. ప్యాంటు పొట్ట కిందికి జారి కూర్చుంటుంది, కంపెనీలు సైజులను ఉదారంగా వేస్తాయి.

చివరి పక్కటెముక అడుగు అంచును, తుంటి ఎముక పై అంచును వేళ్లతో తడిమి గుర్తించండి. రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. అది నేలకు సమాంతరంగా ఉండాలి, చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. పొట్ట లోపలికి లాగాలన్న కోరిక అందరికీ పుడుతుంది, నాక్కూడా. లాగకండి, చూసేవాళ్లెవరూ లేరు.

ఇప్పుడు దాన్ని ఎత్తుతో పోల్చండి. నడుము ఎత్తులో సగానికి మించకూడదు. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2022 నుంచి చెబుతున్నది ఇదే: 0.5 నుంచి 0.59 దాకా ముప్పు పెరిగినట్టు, 0.6 నుంచి ఎక్కువ ముప్పు. ఈ నిష్పత్తిలో ఆడ, మగ తేడా అక్కర్లేదు. నాకు హద్దు 82.5 సెంటీమీటర్లు. విడిగా నడుము కొలత మీదే ఉన్న హద్దులు దక్షిణాసియా మూలాలవారికి మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు. అమెరికా ప్రమాణంలో అవి 102, 88.

నా ఎత్తే ఉన్న ఇద్దరిని ఊహించుకోండి. ఒకరి బీఎంఐ 24.9, నడుము 91 సెంటీమీటర్లు, నిష్పత్తి 0.55. ఇంకొకరి బీఎంఐ 27, నడుము 80, నిష్పత్తి 0.48. సాధారణ పట్టిక ప్రకారం మొదటివారికి అభినందన, రెండోవారికి మందలింపు దక్కుతాయి. ఇద్దరిలో ముందుగా రక్తపరీక్షకు పంపవలసింది మొదటివారినే.

కొవ్వు శాతం చెప్పే ఇంటి యంత్రాల సంగతి అడుగుతుంటారు. అవి పాదాల ద్వారా సన్నని విద్యుత్తు పంపి, దానికి ఎదురయ్యే అడ్డంకిని కొలిచి, లోపలున్న సూత్రంతో శాతం ఊహిస్తాయి. ఒంట్లో నీరు తగ్గినా పెరిగినా ఊహ మారిపోతుంది. ఒకే వేళకు వాడి ధోరణి చూసుకోవచ్చు గానీ ఒక్క రోజు అంకెను పట్టుకుని బాధపడొద్దు.

ఎనిమిదో అడుగు: లోపలి సాక్ష్యం

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2023లో, బీఎంఐ ఒక్కదానితోనే నిర్ణయాలు తీసుకోవద్దని వైద్యులకు చెప్పింది. 2025 జనవరిలో లాన్సెట్ నియమించిన నిపుణుల సంఘం ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. అదనపు కొవ్వు ఉందని నడుము కొలత వంటి మరో కొలతతో నిర్ధారించాలి. బీఎంఐ 40 దాటినవారికి మాత్రం ఆ నిర్ధారణ అవసరం లేదు. ఆ తర్వాత ఆ కొవ్వు అవయవాల పనిని ఇప్పటికే దెబ్బతీస్తోందా, లేక ముప్పుగా మాత్రమే ఉందా అని విడదీయాలి. మొదటిది చికిత్స అవసరమైన జబ్బు. రెండోది కనిపెట్టి ఉండవలసిన స్థితి. లావును పూర్తిగా జబ్బనడం, అసలు జబ్బే కాదనడం అనే రెండు మొండి వాదాల మధ్య ఇది నాకు తెలివైన దారిగా తోచింది.

బీఎంఐ 23 దాటినా, నడుము ఎత్తులో సగం దాటినా రక్తపోటు, పరగడుపు చక్కెర లేదా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను శాతంలో చూపే రక్తపరీక్ష), కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు, కాలేయ పరీక్ష చేయించుకోండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే మధుమేహం గుమ్మం దగ్గర ఉన్నట్టు, 6.5 నుంచి మధుమేహం. గట్టిగా గురక పెడతారని, నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే ఆ మాటను వైద్యుడి దాకా తీసుకెళ్లండి. అమ్మానాన్నల్లో ఎవరికైనా మధుమేహం ఉందా, గర్భిణిగా ఉన్నప్పుడు మీకు చక్కెర పెరిగిందా అన్నవి కూడా బీఎంఐకి తెలియని, వైద్యుడికి తెలియవలసిన విషయాలు.

తొమ్మిదో అడుగు: లక్ష్యం పెట్టుకోవడం

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 90 కిలోలున్న మనిషి పట్టిక చూసి '68కి రావాలి' అనుకుంటాడు. 22 కిలోలు! మూడు నెలలు ఒళ్లు హూనం చేసుకుని ఆరు కిలోలు తగ్గి, ఇంకా పదహారు మిగిలాయని నిరాశపడి వదిలేస్తాడు. ఆ ఆరు కిలోలే అసలు విజయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

2002లో ఫలితాలు వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో మధుమేహం అంచున ఉన్నవారికి పెట్టిన లక్ష్యం రెండే ముక్కలు: బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. సుమారు మూడేళ్లలో ఆ బృందంలో కొత్తగా మధుమేహం రావడం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన బృందంతో పోలిస్తే 58 శాతం తగ్గింది. మన 90 కిలోల మనిషి ఎత్తు 165 అనుకుంటే అతని బీఎంఐ 33.1. 7 శాతం అంటే 6.3 కిలోలు. అవి తగ్గితే బీఎంఐ 30.7. పట్టికలో ఇంకా 'ఊబకాయం' గడిలోనే ఉంటాడు. గడి మారకపోయినా ముప్పు బాగా దిగివస్తుంది.

కాబట్టి మీ ప్రస్తుత బరువులో 5 నుంచి 10 శాతం మొదటి మజిలీగా పెట్టుకోండి. అది చేరాక కొన్ని నెలలు అక్కడే నిలబడటం కూడా పనిలో భాగమే. తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోతుంది. దాన్ని ఆపడానికి తగినంత మాంసకృత్తులు, వారానికి రెండుసార్లయినా కండకు పని చెప్పే వ్యాయామం అవసరం. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారిలో కొన్నిసార్లు బరువు కదలదు, నడుము మాత్రం రెండు మూడు సెంటీమీటర్లు తగ్గుతుంది. అలాంటప్పుడు టేపు మాటే నమ్మండి.

18.5కు దిగువన ఉన్నవారికి లక్ష్యం ఇంకోలా ఉంటుంది. ముందు కారణం వెతకాలి: ఆకలి తగ్గిందా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందా, పేగులు ఆహారాన్ని పీల్చుకోవడం లేదా, మనసు బాగాలేదా. తినే ప్రతి మెతుకునూ లెక్కపెట్టుకుంటూ, సన్నగా ఉన్నా లావుగా ఉన్నామనిపిస్తుంటే బీఎంఐ లెక్కలు మానేసి నేరుగా వైద్యుడితో మాట్లాడండి. అలాంటి మనసుకు ఈ వ్యాసం కూడా మేలు చేయదు.

ఒక చిన్న నోటుపుస్తకంలో నాలుగు నిలువు గడులు గీయండి: తేదీ, బరువు, నడుము, రక్తపోటు. బరువు వారానికోసారి, నడుము నెలకోసారి చాలు. ఎత్తు పుస్తకం మొదటి పేజీలో ఒకసారి రాయండి, అరవై దాటాక ఏడాదికోసారి మళ్లీ కొలవండి. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. నా పుస్తకంలో మొదటి వరుస 67.8, 88. శిబిరం చీటీని ఆ పేజీకే పిన్ను పెట్టి ఉంచాను, ఎర్ర ముద్రతో సహా.